ఫెయిరీ రాజకుమారుడు వద్దు, బ్రౌనీ చాలు

ఈ మధ్య వరసగా ఒకే తరహా ప్రేమకథలు చదువుతున్నాను. పాత ఇంగ్లండు, ఒక పెద్ద భవంతి, అందులో చాకిరీ చేసే ఒక పేద పిల్ల, తోట చివర ఎక్కణ్ణుంచో ఊడిపడే ఒక ఫెయిరీ, అంటే మాయలోకపు మనిషి. అతను ఎప్పుడూ రాజకుమారుడే, ఎప్పుడూ ఆరడుగుల పైమాటే, చూపులో ఎప్పుడూ కాస్త పొగరు. నాకు ఈ తరహా ఇష్టమే, నిద్ర మానుకుని మరీ చదువుతాను, కానీ పుస్తకం మూసేటప్పుడు మాత్రం ఒకటే గొణుగుడు: ఈ పిల్ల ఒక దొర కొలువు మానేసి ఇంకో దొర కొలువులో చేరింది, అంతే కదా?

ఇంగ్లండు నైరుతి మూల ఉన్న కార్న్‌వాల్ జనానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 'చెర్రీ ఆఫ్ జెన్నర్' అని అక్కడ ఒక జానపద కథ ఉంది, రాబర్ట్ హంట్ 1865లో అచ్చు వేయించిన సంకలనంలో దొరుకుతుంది. చెర్రీ పేదింటి పిల్ల, పని వెతుక్కుంటూ ఇల్లు వదిలి వస్తే లేడీ డౌన్స్ అనే బీడు మీద ఒక పెద్దమనిషి ఎదురై, మా ఇంట్లో చంటివాణ్ణి చూసుకో అని తీసుకెళ్తాడు. పొద్దున్నే పిల్లాడి కళ్ళు కడిగి లేపనం రాయాలి, అది నీ కళ్ళకు మాత్రం తగలకూడదు అంటారు. అలా అన్నాక ఎవరు రాసుకోకుండా ఉంటారు? రాసుకున్నాక ఆ చోటంతా చిన్న చిన్న మనుషులు, అంటే ఫెయిరీలు, వాళ్ళలో తన దొర కూడా, ఎవరో ఆడవాళ్ళను ముద్దులాడుతూ కనిపిస్తాడు. తర్వాత ఒకరోజు తోటలో చెర్రీనే ముద్దు పెట్టుకోబోతే చెంప ఛెళ్ళుమనిపించి, పోయి ఆ చిన్నవాళ్ళనే పెట్టుకో అంటుంది. మర్నాడు తెల్లవారకముందే లేపి, తెచ్చిన చోటే దించేస్తాడు. ఆ తర్వాత చెర్రీ మామూలు మనిషి కాలేదట, వెన్నెల రాత్రుల్లో దొర కోసం ఆ బీడు మీదే తిరిగేదట. ఇందులో ప్రేమ ఉంది, అసూయ ఉంది, కానీ చివరికి జరిగింది ఉద్యోగం ఊడటం. నాకు నచ్చింది అదే.

నిజం పనిమనుషుల బతుకు చూస్తే మాయలోకం దాకా వెళ్ళనక్కర్లేదు. 1851 జనాభా లెక్కల నాటికే బ్రిటన్‌లో ఇళ్ళలో పనిచేసేవాళ్ళు పది లక్షలకు పైనే. ఇంటిపనంతా ఒక్కతే చేసే పిల్లకు ఏడాదికి 9 నుంచి 14 పౌండ్లు అని ఇసబెల్లా బీటన్ 1861 నాటి గృహనిర్వహణ పుస్తకంలో రాసింది, పాపం జాలిపడాల్సినది ఈమె గురించే అని కూడా ఒప్పుకుంది. ఇంటికి మగ స్నేహితులు రాకూడదు. దొరసాని మంచి నడవడి అని కాగితం రాసివ్వకపోతే ఇంకో ఇంట్లో పని దొరకదు. చాలా ఇళ్ళలో పిల్ల అసలు పేరుతో కూడా పనిలేదు, దొరసానికి నోరు తిరిగే పేరు ఏదో ఒకటి, మేరీ అనో ఇంకోటో, పెట్టేసేవాళ్ళు.

ఇక్కడే కథలు రాసేవాళ్ళ మీద నాకు కోపం. ఫెయిరీ కథల్లో పేరు తెలిస్తే మనిషి జుట్టు చేతికి చిక్కినట్టే. మరి ఇంట్లో అందరూ మేరీ అని పిలిచే పిల్ల, నీ పేరేమిటని ఫెయిరీ అడిగితే, అలవాటుగా మేరీ అనే అంటుంది కదా! అతని మంత్రం పారదు. దొరసాని అవమానమే తనకు కవచం. ఇంత మంచి మలుపు అక్కడే పడి ఉంటే ఎవరూ ముట్టుకోరు.

ఇనుము సంగతి ఇంకా ఘోరం. ఫెయిరీలకు ఇనుము పడదని పాఠకులందరికీ తెలుసు. పనిపిల్ల పొద్దున లేచిన దగ్గర్నుంచి పట్టుకునేదే ఇనుము: ఫైర్‌ప్లేస్‌లో నిప్పులు నిలిపే ఇనుప గ్రేటుకు నల్ల పాలిష్ పెట్టి తోమాలి, నిప్పులు ఎగదోసే ఊచ, బొగ్గుల బకెట్టు, ఇస్త్రీ పెట్టె. ఆ చేతులు పట్టుకుని రాజకుమారుడు నాట్యం ఎలా చేస్తాడో నాకైతే అర్థం కాదు.

అందుకే నేను రాస్తే నాయకుడు రాజకుమారుడు కాదు, బ్రౌనీ. స్కాట్లండ్‌లో, ఉత్తర ఇంగ్లండులో చెప్పుకునే ఇంటి ఫెయిరీ ఇతను. రాత్రిపూట అందరూ పడుకున్నాక వచ్చి ఊడ్చి, దంచి, సర్ది వెళ్తాడు, ఒక గిన్నె మీగడ పెడితే చాలు. పొట్టిగా, గోధుమరంగులో, చింపిరి జుట్టుతో, చిరుగు బట్టలతో ఉంటాడంటారు, సరే, ప్రేమకథ కాబట్టి ఎత్తు కాస్త పెంచుకుందాం. అతనికి ఒక నియమం ఉంది, ఎవరైనా బట్టలిస్తే ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు. లింకన్‌షైర్‌లో ఒక బ్రౌనీ మాత్రం దీనికి మినహాయింపు, అతనికి ఏటా లినెన్ చొక్కా ఇచ్చేవాళ్ళట, అయినా ఉండేవాడట, ఒక ఏడు యజమాని పిసినారితనంతో ముతక నార చొక్కా పెట్టేసరికి, లినెన్ ఇచ్చి ఉంటే ఇంకా ఎన్నో ఏళ్ళు చేసేవాణ్ణి అని పాట పాడి మరీ పోయాడట. సమ్మె అంటే ఇదీ.

పనిపిల్లకు కూడా క్రిస్మస్‌కు దొరసాని గుడ్డ ఇచ్చేది, యూనిఫాం కుట్టుకోమని. ఒకే ఇంట్లో, ఒకే పండక్కి, గుడ్డ ముక్క ఆమెను ఇంకో ఏడాదికి కట్టేస్తుంది, అతన్ని వదిలేస్తుంది. ఇద్దరూ ఒకే వంటింట్లో పగలొకరు రాత్రొకరు పనిచేస్తారు, మొదటి సగం మొహాలు చూసుకోనే చూసుకోరు. ఆమె తోమిన గ్రేటు జోలికి అతను రాడు, రాలేడు. కానీ గిన్నెలన్నీ కడిగి ఉంటాయి. ఆమె చాలారోజులు వంటావిడే కడిగిందనుకుంటుంది.

ఇలాంటి రహస్యం బయటి లోకంలోనూ నడిచింది. హానా కల్విక్ అనే పనిమనిషి, ఆర్థర్ మన్‌బీ అనే పెద్దమనిషి 1854లో కలుసుకుని 1873లో దొంగచాటుగా పెళ్ళి చేసుకున్నారు. ఆమె డైరీలు మిగిలాయి కాబట్టి మనకు తెలుసు. పెళ్ళయ్యాక కూడా దొరసానిలా ఉండటం ఆమెకు పడలేదు, చాకిరీ చేసే చేతులంటే ఆమెకు గర్వం. అలాంటి పిల్ల కావాలి నా కథకు.

కథ ముడి ఎలాగూ చొక్కా దగ్గరే పడుతుంది. ఆమె తన జీతంలో మిగుల్చుకుని లినెన్ కొని కుడుతుంది. ఇస్తే అతను వెళ్ళిపోవాలి, ఇవ్వకపోతే అతన్ని చాకిరీలో ఉంచి మీగడ పెట్టే దొరసానికీ తనకూ తేడా లేదు. చాలాకాలం ఈ దగ్గరే ఆగిపోయాను. తర్వాత పాత కథలు మళ్ళీ తిరగేశాను, నేను చూసిన చాలావాటిలో బట్టలిస్తే బ్రౌనీ ఇల్లు వదిలి వెళ్తాడనే ఉంది, ఒంటరిగా వెళ్ళాలని ఎక్కడా లేదు. కాబట్టి ఇద్దరూ వెళ్తారు. అయితే ఆ రోజుల్లో జీతం చాలాచోట్ల మూడు నెలలకోసారి ఇచ్చేవాళ్ళు, ఆ డబ్బు చేతిలో పడే దాకా చొక్కా పెట్టెలోనే ఉంటుంది. మా పిల్ల అంత తెలివితక్కువది కాదు.