ఉండలు లేని జావ

ఆదివారం. అమ్మకు కింది పళ్ళు తీయించిన దగ్గరి నుంచి నమిలే తిండి బంద్. మెత్తగా ఉన్నది, గోరువెచ్చగా పెట్టమన్నారు డాక్టరు. అందుకని ఈ వారమంతా మా ఇంట్లో పొద్దుటి ఫలహారం చోడి జావ, అంటే రాగి జావ. మా ఆవిడది ఉదయం డ్యూటీ కాబట్టి పొయ్యి నా వంతు.

జావలో ఉండ తగిలితే అమ్మ ఏమీ అనదు. దాన్ని చెంచాతో తీసి, గిన్నె అంచున జాగ్రత్తగా పెట్టి, కాచినవాళ్ళ వైపు చూడకుండా మిగతాది తాగుతుంది. దానికన్నా నాలుగు తిట్లు తినడం నయం. మా నాన్నగారు ఉన్న రోజుల్లో ఆ అంచు మీది ఉండలు చూసి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు గరిటె నా చేతిలో ఉంది కనుక నవ్వు రాదు.

చాలామంది జావ దగ్గర చేసే పని ఒకటే: నీళ్ళు మరిగించి, అందులో పిండి చల్లి, భుజం నొప్పి పుట్టేదాకా తిప్పడం. తిప్పే వేగంలోనే అంతా ఉందని నమ్మకం. నాకు మాత్రం ఆ వేగం మీద గౌరవం లేదు. జావ చెడేది పొయ్యి మీద కాదు, పొయ్యి ఎక్కకముందే. పిండిలో ఉన్నది గంజి పదార్థం. 70 డిగ్రీల దరిదాపుల్లో అది నీళ్ళు పీల్చి ఉబ్బి జిగురవుతుంది. పొడి పిండి మరిగే నీళ్ళలో పడగానే ప్రతి ముద్దకూ పైభాగం ముందు ఉడుకుతుంది. ఆ జిగురు పొర దాటి నీరు లోపలికి పోదు. లోపల పిండి పొడిగా, పచ్చిగా అలాగే మిగులుతుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా ఉండ గిన్నెలో తిరుగుతుందే తప్ప విడిపోదు.

కాబట్టి చన్నీళ్ళు. అందులోనూ ఒక మెలిక ఉంది. మా ఇద్దరికి పెద్ద చెంచాతో మూడు చెంచాల పిండి తీసుకుంటాను. దాని మీద ఒకేసారి గ్లాసుడు నీళ్ళు పోస్తే పిండి చిన్న చిన్న ముద్దలై తేలుతుంది, చెంచాకు దొరకకుండా జారిపోతుంది. ముందు కొద్దిగా నీళ్ళు పోసి బజ్జీ పిండిలా చిక్కగా కలపాలి. చిక్కగా ఉన్నప్పుడు చెంచా ఒత్తిడికి ముద్దలు నలుగుతాయి. చెంచా వెనుక భాగంతో గిన్నె గోడకు రాసి, అంతా నున్నగా అయ్యాకే మిగతా నీళ్ళు పోసి పలుచన చేయాలి. మొత్తం అర గ్లాసు. పొయ్యి మీద మరిగేవి రెండు గ్లాసులు.

పోసే ముందు మళ్ళీ ఒకసారి కలపాలి. ఇది ఎవరూ చెప్పరు. నీళ్ళు మరిగేలోపు పిండి అడుగుకు దిగి గట్టిపడుతుంది. పైన తేరిన నీళ్ళు ముందు పోయి, చివర ఆ అడుగు ముద్ద ధబీమని పడుతుంది. అక్కడ పుట్టే ఉండలే ఎక్కువ. మంట తగ్గించి, ఎడమ చేత్తో సన్నటి ధారగా పోస్తూ కుడి చేత్తో తిప్పుతాను. నెమ్మదిగానే, కానీ గరిటె అడుగునూ అంచులనూ తాకాలి.

"అంత ఊపిరి బిగబట్టి తిప్పకురా, అది ఎక్కడికీ పారిపోదు" అంది అమ్మ కుర్చీలోంచి. పళ్ళు లేకపోయినా మాటకు పదును తగ్గలేదు.

ఏడెనిమిది నిమిషాలకు పచ్చి వాసన పోయి, రంగు ముదిరి, పైన నిగనిగ వస్తుంది. గరిటె వెనుక పలుచని పూత నిలిస్తే చాలు, దించేయాలి. ఇంకా చిక్కబడనీ అని ఆగితే తాగే వేళకు చెంచా నిలబడుతుంది, ఎందుకంటే జావ చల్లారే కొద్దీ బిగుసుకుంటుంది. మజ్జిగ బాగా చల్లారాకే కలపాలి. వేడి మీద పోస్తే విరిగి తరకలు కడుతుంది, అమ్మ వాటినీ ఉండల లెక్కలోనే వేస్తుంది.

మొలకెత్తించి ఆరబెట్టి ఆడించిన పిండైతే ఈ లెక్కలు కొంచెం మారతాయి. మొలకలో పుట్టే ఎంజైము గంజిని విరగ్గొడుతుంది కాబట్టి అదే పిండికి జావ పలుచగా వస్తుంది. పసిపిల్లలకు ఆ పిండి వాడటంలో తెలివి అదే: గొంతు దిగేంత పలుచగా ఉంటూనే ఎక్కువ పిండి పడుతుంది. పెద్దవాళ్ళకూ ఇది పనికొస్తుంది. రేపటి నుంచి అమ్మకు అదే వాడాలి.

కూతురు పక్కన కూర్చుని ఫోనులో చూసి "నాన్నా, చోళ్ళలో పాలకన్నా మూడింతల కాల్షియం అట" అంది. నూరు గ్రాముల లెక్కన నిజమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన పట్టికలో 100 గ్రాముల రాగులకు 364 మిల్లీగ్రాములు ఉంది. కానీ అమ్మ గిన్నెలో పడేది పదిహేను గ్రాముల పిండి. అంటే యాభై పైచిలుకు మిల్లీగ్రాములు. పాలు నూరు గ్రాములు గటగటా తాగవచ్చు, పిండిని అలా తినలేం కదా. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించిన దగ్గరి నుంచి ఈ గొప్పలు మరీ పెరిగాయి. చోళ్ళు మంచివే. మంచివని చెప్పడానికి లెక్క పెంచనక్కరలేదు. అమ్మాయికి ఈ ఉపన్యాసం నచ్చలేదు, ఫోను పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మా వీధిలో బడి వంట చేసే ఆవిడ అమ్మను చూడటానికి వచ్చింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు కదా, ఆవిడ అప్పటి నుంచే పెద్ద గంగాళంలో కాచింది. రెండు గ్లాసులకే ఇంత సిద్ధాంతం చెప్పే నేను ఆమె పద్ధతి అడిగి తెలుసుకున్నాను. బకెట్లో చన్నీళ్ళతో పిండి కలిపి, పలుచటి గుడ్డలో వడగట్టి, ఒకరు పోస్తుంటే ఇంకొకరు పొడుగాటి తెడ్డుతో తిప్పుతారట. "వడగట్టకపోతే ఎలా బాబూ, పిల్లలు ఒక్క ఉండ చూస్తే గ్లాసు పక్కన పెట్టేస్తారు" అంది. అమ్మ విజయగర్వంతో నావైపు చూసింది.

ఆవిడ ఇంకో సంగతి కూడా చెప్పింది. మర నుంచి తెచ్చిన పిండిని వేడి మీద డబ్బాలో పోసి మూత పెడితే ఆవిరి పట్టి ముందే గడ్డలు కడుతుందట. పళ్ళెంలో పరిచి ఆరబెట్టి, జల్లించాకే డబ్బాలోకి ఎత్తాలి. మా డబ్బా తీసి చూపించాను, బాగానే ఉందని సెలవిచ్చింది.

రేపు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కుట్లు తీస్తే ఇడ్లీ పెట్టవచ్చు అన్నారు. తీస్తారో లేదో ఇంకా తెలియదు, అమ్మ మాత్రం మినప్పప్పు ఇప్పుడే నానబోయమని సాయంత్రం నుంచి పోరు. నానబోశాను.