లారీల టేబుల్‌ని ఇన్నోడీబీకి మార్చిన నా అనుభవం

2014లో మా ఆఫీసు విశాఖ ద్వారకానగర్‌లో ఉండేది. పోర్టుకి సరుకు తోలే లారీలు ఎక్కడున్నాయో ఓనర్లకి చూపించడం మా పని. ఒక్కో లారీ పది సెకన్లకోసారి తన చోటు పంపేది. ఓనర్లేమో పొద్దస్తమానం స్క్రీన్ చూస్తూనే ఉండేవారు.

మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. అందులో టేబుల్‌ని దాచి, చదివి, రాసే భాగాన్ని ఇంజన్ అంటారు. 5.5 వెర్షన్ నుంచి ఇన్నోడీబీయే డిఫాల్ట్ ఇంజన్. కానీ అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన పాత టేబుళ్లు మారవు, మాది పాత డిఫాల్ట్ ఇంజన్ మైఐసామ్‌లోనే ఉండిపోయింది.

"ఏటి బాబూ, నా లారీ గంట నుంచి గాజువాకలోనే ఉన్నాదేటి?" అని ఫోన్లు. ఇండెక్సులు పెంచాను, ర్యామ్ పెంచాను. లాభం లేదు. చివరికి ప్రాసెస్‌లిస్ట్ (అప్పుడు నడుస్తున్న క్వెరీల జాబితా) చూస్తే వరుసగా టేబుల్ లాక్ కోసం కాచుకున్న క్వెరీలే! మైఐసామ్ ఒక్క వరుసని కాదు, టేబుల్ మొత్తాన్నీ లాక్ చేస్తుంది. అందుకే అకౌంట్స్ వాళ్ల రిపోర్టు చదువుతున్నంతసేపూ అప్‌డేట్ ఆగుతుంది. పైగా చదవడం కన్నా రాతకే ప్రాధాన్యం కాబట్టి, ఆగిన ఆ ఒక్క అప్‌డేట్ వెనక కొత్తగా వచ్చిన సెలెక్టులన్నీ (చదివే క్వెరీలు) నిలబడిపోతాయి. చదవడంలో మైఐసామ్ వేగమైనదనే ఇన్నాళ్లూ నమ్మాను. నేను కొలిచిందల్లా ఒంటరిగా నడిచే సెలెక్టునే.

మార్చాలా వద్దా అని తేల్చుకునేలోపే అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. సర్వర్ మళ్లీ లేచాక టేబుల్ పాడైందన్న ఎర్రర్. రిపేర్ నడుస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కొన్ని వరుసలు పోయాయి. ఆ రోజే నిర్ణయం అయిపోయింది.

ఇన్నోడీబీలో అప్‌డేట్ తన వరుసనే లాక్ చేస్తుంది, రిపోర్టు పాత వెర్షన్ చదువుకుంటూ పోతుంది. కరెంటు పోయినా, మార్పులన్నీ ముందే రాసిపెట్టుకునే రీడూ లాగ్‌తో తనే సర్దుకుంటుంది. అయితే మార్చిన మొదటి రోజు ఇంకా నెమ్మదించింది! ఇన్నోడీబీ డేటాని ర్యామ్‌లో ఉంచుకునే చోటు, అంటే బఫర్ పూల్, డిఫాల్ట్‌గా 128 ఎంబీయే ఉంది. సర్వర్ డేటాబేస్‌కే కాబట్టి ర్యామ్‌లో ఎక్కువ భాగం దానికిచ్చాను. మొత్తం వరుసల కౌంట్ మైఐసామ్‌లో చిటికెలో వచ్చేది, ఇక్కడ లెక్కపెట్టాల్సిందే. దానికి విడిగా చిన్న టేబుల్ పెట్టాను.

లాగ్ ఫ్లష్ అనే సెట్టింగ్ 1లో ఉంటే ప్రతి కమిట్‌కీ (మార్పుల్ని ఖాయం చేసే ప్రతిసారీ) లాగ్ డిస్కులోకి చేరుతుంది. దాన్ని 2కి, అంటే సుమారు సెకనుకోసారికి, మారిస్తే రాతలు ఇంకా జోరందుకుంటాయని మావాళ్లన్నారు. కానీ అప్పుడు కరెంటు పోతే చివరి సెకను రాతలు పోవచ్చు. నేనొప్పుకోలేదు, 1 దగ్గరే ఉంచి, వంద అప్‌డేట్లు కలిపి ఒకే కమిట్‌గా పంపాను. డిస్క్ ఊపిరి పీల్చుకుంది.

పాత నెలల టేబుళ్లు చదవడానికే కదా, వదిలేద్దామన్నారు సార్. తుఫాను రాత్రి గుర్తొచ్చి అవీ మార్చేశాను. డిస్కులో చోటు ఎక్కువ పట్టింది, ఇంకో డిస్కు కొనిపించాను.