నాయన మొక్కు, పాప చేతి కుంకుమ

మొన్న శనివారం మా నాయన మొక్కు తీరింది. ఆయన పోయాక ఏడాది దాకా తిరుమల కొండెక్కకూడదని ఆగాం. సంవత్సరీకం అవగానే బయల్దేరాం. మొక్కుకున్నది ఆయన, తీర్చాల్సింది మా పాప. అలిపిరి నుంచి ప్రతి మెట్టుకూ తన కుడిచేత్తో కుంకుమ పెట్టాలి. 3,550 మెట్లు.

మా నాయన విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టేవాడు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పీలికలు, అన్నీ పొద్దున్నే వసారాలో సిద్ధంగా ఉండేవి. తెల్లసొన కట్లకు పోతే పచ్చసొనలు మా పిల్లకాయల పళ్లాల్లోకి వచ్చేవి. ఎక్స్‌రే చూడందే చెయ్యి వేసేవాడు కాదు. ఎముక చర్మం చీల్చుకొని బయటికొస్తే వెంటనే ఆసుపత్రికి పంపేసేవాడు. ఈ రెండు విషయాల్లో తప్ప మిగతా అంతా అల్లరే. భుజం జారిన పెద్దాయన ఎవరైనా పళ్లు బిగబట్టి కూర్చుంటే, "మీ ఆవు పూటకెన్ని లీటర్లు ఇస్తా ఉంది?" అని అడిగేవాడు. ఆయన లెక్క చెప్పబోయేలోగా భుజం దాని చోటికి వెళ్లిపోయేది. "చెప్పనే లేదే, ఎన్ని లీటర్లు?" అని మళ్లీ అడిగేవాడు. పిల్లల కట్ల మీద పెన్నుతో మీసాలు గీసేవాడు. మనవళ్ల చెప్పులు దాచేసి, ఏమీ ఎరగనట్టు వాళ్లతో కలిసి ఇల్లంతా వెతికేవాడు. అమ్మ తిడితే అందరికంటే గట్టిగా ఆయనే నవ్వేవాడు.

అలాంటి మనిషి దిగులు పడ్డం ఒకసారే చూశాను. పాప చింతచెట్టు మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు ఆయనే కట్టాడు. విప్పాక చెయ్యి పూర్తిగా చాపలేకపోయింది. రోజూ దానితో చింతగింజలు విసిరే పందెం ఆడించేవాడు, ఎవరి గింజ దూరం పడితే వాళ్లు గెలిచినట్టు. పాప ముందు నవ్వుతూనే ఉండేవాడు. రాత్రి మాత్రం మంచం మీద లేచి కొండ వైపు తిరిగి కూర్చునేవాడు. "కట్టేది నేను, అతికించేది ఆయనరా" అన్నాడు నాతో. అప్పుడు మొక్కుకున్నదే ఇది. మెల్లగా చెయ్యి స్వాధీనంలోకి వచ్చింది. దగ్గరుండి మెట్లెక్కిస్తానని అందరికీ చెప్పుకున్నాడు. ఈలోగా ఆయనే వెళ్లిపోయాడు.

పాదాల మండపంలో దండం పెట్టుకొని, మోకాళ్లు ఆనిస్తే నొప్పులు పోతాయని నమ్మే తలయేరు గుండు దగ్గరికి వెళ్లాం. "ఈ గుండు నాకంటే పెద్ద వైద్యుడు" అని పక్కన నిలబడ్డ వాళ్లందరికీ చెప్పేవాడు నాయన. మోకాళ్లు ఆనిస్తుంటే ఆ మాట గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆవిడ పసుపు రాస్తుంటే పాప కుంకుమ పెడుతూ ఎక్కింది. నేను వెనక కర్పూరం, నీళ్లు మోసుకుంటూ నడిచాను.

గాలిగోపురం దాకా మెట్లు నిటారుగా ఉంటాయి కదా. దానికి తోడు జనం. మెట్ల పూజ చేసేవాళ్లకు ఒక వార వదలాలని ఎందుకు తోచదో తెలీదు. పెట్టిన బొట్టు మీదే నిలబడి సెల్ఫీలు. ఒకాయన పాప వేళ్లు తొక్కేసి, వెనక్కి తిరిగైనా చూడకుండా గోవిందా గోవిందా అనుకుంటూ పోయాడు. అంత గట్టిగా పిలిచేవాడు కాస్త కిందికి చూసి నడిస్తే స్వామి కాదంటాడా? నాకు నిజంగానే కోపం వచ్చింది.

సగం దాటేసరికి పాప మోచెయ్యి పట్టుకొని కూర్చుండిపోయింది. వంగి వంగి నడుం పట్టేసింది, చెయ్యి లాగుతోందంది. కుంకుమ నేను పెడతానంటే ఒప్పుకోలేదు, తాత తన చెయ్యే మొక్కాడంది. మా వెనకే మెట్ల పూజ చేస్తూ వస్తున్న ఒక అరవ పెద్దమ్మ ఆగింది. సంచిలోంచి బామ్ తీసి మోచేతికి రాసింది, కిందికి కాదు, పైకి, మెల్లగా. ఏమైందని సైగ చేసింది. మా ఆవిడ విరిగిన సంగతి, పుత్తూరు కట్టు సంగతి వచ్చీరాని అరవంలో చెప్పగానే ఆమె చీర అంచు కాస్త ఎత్తి చీలమండ చూపించి "పుత్తూర్‌దాన్!" అని నవ్వింది. పుత్తూరు చుట్టుపక్కల కట్టు కట్టే చేతులు ఎన్నో ఉన్నాయి, అది నాయన చెయ్యే కానక్కర్లేదు. మేమూ అడగలేదు. అక్కణ్నుంచి గాలిగోపురం దాకా కుంకుమ పళ్లెం ఆమే పట్టుకుంది, పాప చేతికి అందే ఎత్తులో, ఒక్కో మెట్టూ తనూ వంగుతూ. అంత వయసులో!

మోకాలి మెట్టు, ఆపైన క్యూ, కంపార్ట్‌మెంట్, ఎంతసేపు పట్టిందో చెప్పలేను. తోపులాటలో పాప ఎక్కడ చిక్కుకుంటుందోనని ఒకటే టెన్షన్.

ప్రతి దర్శనం తర్వాతా నాయన ఒక మాట అనేవాడు. "స్వామి ఎడం చెయ్యి నడుం మీద పెట్టుకొని ఇన్నేళ్లుగా నిలబడే ఉన్నాడే, నడుం నొప్పి పుట్టదా? ఒక్కసారి నన్ను చూడనిస్తే బాగుణ్ను." అమ్మ ఆయన తరఫున లెంపలు వేసుకునేది. ఈసారి లోపలికి పోగానే నా కళ్లు ముందు గడ్డం మీది పచ్చకర్పూరం మీద పడ్డాయి. తర్వాత ఆ ఎడమ చేతి దగ్గరే ఆగిపోయాయి. ఏమేమో అడగాలనుకున్నాను. "మా నాయన్ను చూసుకో స్వామీ" అన్నది ఒక్కటే నోట్లోంచి వచ్చింది. పక్కన పాప రెండు చేతులూ తలపైకెత్తి దండం పెట్టింది. కుడి చెయ్యి చెవిని ఆనుకొని తిన్నగా, ఎక్కడా వంకర లేకుండా ఉంది. అంతలో "జరగండి, జరగండి" అని బయటికి తోసేశారు.

ఆ అరవ పెద్దమ్మకు ఇవ్వాలని ఒక లడ్డు విడిగా పెట్టుకొని చాలాసేపు వెతికాం, కనబడలేదు. ఇంటికొచ్చాక దాన్ని నాయన ఫొటో ముందు పెట్టి, వసారాలో కట్ల కోసం కూర్చున్నవాళ్లందరికీ తలా కాస్త పంచింది అమ్మ. ఇప్పుడు కట్లు మా తమ్ముడు కడుతున్నాడు. వాడికి జోకులు రావు గానీ, ఆవు పాల లెక్క మాత్రం తప్పకుండా అడుగుతాడు.