కిలో వరకు కందిపప్పు

రాత్రి పన్నెండున్నర అయింది. నెట్ ఇప్పుడు గుర్రంలా పరిగెడుతోంది. ఎవరికోసమో!

నిన్న రాత్రి తొమ్మిదింటికి పెద్దది డాలస్ నుంచి వీడియో కాల్ చేసింది. బుజ్జిగాడు పట్టుకోకుండా నిలబడుతున్నాడట. అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుని, కొంగు సర్దుకుని కూర్చున్నారు. వాడు సోఫా వదిలాడు. అంతే, బొమ్మ ఆగిపోయింది. ఒక కాలు గాల్లో, నోరు తెరిచి, రెండు నిమిషాలు అలాగే. "పడిపోతాడేమోనే" అంటూ అత్తయ్య ఫోన్ కింద చెయ్యి పెట్టారు.

ఇవాళ మధ్యాహ్నం రెండింటికి కేబుల్ అబ్బాయి వచ్చాడు. రూటర్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేసి, "తొంభై ఆరు వస్తోంది ఆంటీ, ఇంకేం కావాలి" అన్నాడు. రెండింటికి వీధిలో ఎవరున్నారు బాబూ! పైగా ఆ టెస్ట్ వెళ్లేది దగ్గర్లో ఉన్న సర్వర్ దాకానేనట, చిన్నాడు చెప్పాడు. డాలస్ దారి ఎలా ఉందో దానికేం తెలుసు?

నెల కోటా అయిపోయిందేమో అనుకున్నా. అన్‌లిమిటెడ్ అని అమ్మి, అడుగున చీమ తలకాయంత అక్షరాలతో 3300 జీబీ దాటితే స్పీడ్ తగ్గిస్తామని రాస్తారు కదా. యాప్‌లో చూస్తే మనం 700 కూడా దాటలేదు. మరి? బిల్లు మళ్లీ చదివా. "100 ఎంబీపీఎస్ వరకు." ఆ వరకు అన్న మాట దగ్గర ఒళ్లు మండింది. కిలోకి డబ్బులు తీసుకుని "కిలో వరకు" కందిపప్పు పోస్తానంటే కొట్టువాణ్ణి ఊరికే వదులుతామా?

ఇది వీళ్లతో మొదలైంది కాదు. 256 కేబీపీఎస్, అంటే ఒక ఎంబీపీఎస్‌లో పావువంతు వస్తే చాలు బ్రాడ్‌బ్యాండ్ అని 2004లో ప్రభుత్వమే రాసుకుంది. 2023లో కదా దాన్ని 2 ఎంబీపీఎస్ చేసింది! గుంటూరు ఇంట్లో ఫోన్ లైన్ మీద కనెక్షన్ ఉన్నప్పుడు నెలకి 2.5 జీబీ, రాత్రి రెండు నుంచి ఎనిమిది దాకా ఫ్రీ. ఒంటిగంటా యాభై అయిదుకి అలారం. ఈయన లుంగీ ఎగ్గట్టి కంప్యూటర్ ముందు, నేను పక్కన ఫ్లాస్కులో టీతో. ఘంటసాల పాటలు ఒక్కొక్కటీ దింపేవాళ్లం. రెండు కొట్టగానే స్పీడ్ చచ్చిపోయేది. ఊరంతా మాలాగే అలారం పెట్టుకునేదేమో. నాలుగు దాటాక బాగా వచ్చేది, అప్పటికి నేను కుర్చీలోనే నిద్ర. ఒకసారి గోడ గడియారం పది నిమిషాలు ముందుంది. ముందే మొదలుపెట్టేశాం. ఆ నెల బిల్లు చూసి ఈయన రెండు రోజులు గడియారంతో మాట్లాడలేదు. అయినా ఆ రోజుల్లో ఎవరినీ తిట్టినట్టు గుర్తులేదు.

అది రాస్తుంటే కేబుల్ అబ్బాయి మీద కోపం కొంచెం దిగింది. ఒక ఫైబర్‌నే చీల్చి ముప్పై రెండు ఇళ్లకో అరవై నాలుగు ఇళ్లకో ఇస్తారట. దానిమీద వచ్చేది మొత్తం సుమారు 2.5 జీబీపీఎస్, అంటే 2500 ఎంబీపీఎస్. అరవై నాలుగు ఇళ్లూ వందేసి లాగితే 6400 కావాలి. మా పెళ్లికి ఆరువందల మందిని పిలిచి బంతికి నూట ఇరవై ఆకులే వేశాం, ఎవరూ మోసం అనలేదు. అందరూ మొదటి బంతికే రారు కదా.

కానీ తొమ్మిదింటికి అందరూ మొదటి బంతికే వస్తారని వీళ్లకి తెలీదా? చిన్నాడు అనేదేంటంటే, వీధిలో ఫైబర్ అంత తొందరగా నిండదట. ఆపరేటర్ తన పైనున్న పెద్ద కంపెనీల నుంచి కొనే లైన్ దగ్గరే ఇరుకు, ఎందుకంటే అది డబ్బులు పెట్టి కొనాలి. అంటే ఆకులు కాదు, వండించిన అన్నమే తక్కువ! దిగిన కోపం మళ్లీ ఎక్కింది.

పెద్దది ఇందాక వీడియో రికార్డు చేసి పంపింది. చిటికెలో దిగింది. వాడు నాలుగడుగులు వేసి పడ్డాడు, లేచి నవ్వాడు. అత్తయ్య గురక వినిపిస్తోంది. లేపనా?