డేనియల్ సెల్‌లో 29.6 మిల్లీవోల్టులు ఎందుకు రావు?

డేనియల్ సెల్ అంటే జింక్‌ను జింక్ సల్ఫేట్‌లో, రాగిని కాపర్ సల్ఫేట్‌లో ముంచి కట్టే బ్యాటరీ. అందులో కాపర్ సల్ఫేట్ గాఢతను పదో వంతుకు తగ్గిస్తే వోల్టేజి 29.6 మిల్లీవోల్టులు పడాలని, గాఢతను బట్టి వోల్టేజిని లెక్కగట్టే నెర్న్‌స్ట్ సమీకరణం చెబుతుంది. ప్రాక్టికల్ రికార్డుల్లో చాలామంది రాసేదీ అదే. తీరా కొలిస్తే, 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) నుంచి 0.01కి దిగినప్పుడు మీటరులో పడేది 17, 18 మిల్లీవోల్టులే. ఈ తేడా మీటరుదీ కాదు, చేసేవాళ్ల చేతిదీ కాదు. అయితే ఆ మాట నమ్మకంగా అనాలంటే ముందు సెల్ శుభ్రంగా కట్టాలి.

ద్రావణాలకు డిస్టిల్డ్ వాటర్ తప్పనిసరి. కుళాయి నీళ్లలోని బైకార్బొనేట్ వల్ల రెండు ద్రావణాలూ మసకబారతాయి. 0.1 మోలార్ ద్రావణం 250 మిల్లీలీటర్లు కావాలంటే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 6.24 గ్రాములు, జింక్ సల్ఫేట్ 7.19 గ్రాములు. జింక్ దగ్గర ఒక చిక్కుంది. వరికి వేసే జింక్ సల్ఫేట్ ఎరువుల దుకాణంలో రెండు రకాలుగా దొరుకుతుంది. సంచి మీద జింక్ 21 శాతం అని ఉంటే ఏడు నీటి అణువులున్న రకం, పై తూకం దానికే. 33 శాతం అని ఉంటే ఒక్క నీటి అణువున్నది, 4.49 గ్రాములు చాలు. ఎరువు రకమైతే వడకట్టి వాడాలి.

జింక్ రేకును ఎమెరీ కాగితంతో రుద్ది, పలుచని ఆమ్లంలో కొన్ని సెకన్లు ముంచి, కడిగి వెంటనే వాడతాను. ఆక్సైడ్ పొర మిగిలితే రీడింగు తక్కువ వస్తుంది, పైగా నిలకడగా ఉండదు. రాగి తీగ మోటారు వైండింగుదైతే దాని మీద కంటికి కనపడని వార్నిష్ ఉంటుంది, పూర్తిగా గీకెయ్యాలి. మొసలి క్లిప్పు ద్రావణానికి తగలకూడదు. తగిలితే క్లిప్పు లోహం కూడా ఎలక్ట్రోడ్‌లో భాగమైపోతుంది.

రెండు ద్రావణాలనూ కలిపే లవణపు వంతెన, అంటే సాల్ట్ బ్రిడ్జ్ దగ్గరే ఎక్కువ ఫలితాలు పాడవుతాయి. తడిపిన ఫిల్టర్ పేపర్ ముక్క ఆరేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. చవక మల్టీమీటర్లలో చాలావాటి ఇన్‌పుట్ నిరోధం 1 మెగాఓమ్ మాత్రమే. బ్రిడ్జ్ 10 కిలోఓమ్‌లకు చేరితే, 1100 మిల్లీవోల్టుల్లో 11 అక్కడే పోతాయి. అందుకే నేను జెల్ బ్రిడ్జ్ వాడతాను. 100 మిల్లీలీటర్ల నీటిలో 3 గ్రాముల చైనా గ్రాస్ (అగర్ అగర్) పూర్తిగా కరిగేదాకా మరిగించి, 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి, వేడిగా ఉండగానే 20 సెంటీమీటర్ల అక్వేరియం గాలి గొట్టంలోకి సిరంజితో పీల్చాలి. నడుమ ఒక్క బుడగ చిక్కినా గొట్టం పారెయ్యాల్సిందే. దీని నిరోధం సుమారు 2 కిలోఓమ్‌లు ఉంటుంది. పొటాషియం క్లోరైడ్ ఎందుకు వద్దంటే, క్లోరైడ్ కొద్దిగా కారినా రాగి వైపు క్యూప్రస్ క్లోరైడ్ ఏర్పడి పొటెన్షియల్‌ను కదుపుతుంది.

మల్టీమీటరును 2000 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టాలి. 20 వోల్టుల రేంజిలో అది 10 మిల్లీవోల్టుల మెట్లలోనే చూపిస్తుంది, ఈ పనికి పనికిరాదు. ఎర్ర తీగ రాగికి, నల్లది జింక్‌కు. ఇక్కడ ఆనోడ్ జింకే, దాని గుర్తు మైనస్. ఎలక్ట్రోప్లేటింగ్‌లో ఆనోడ్ ప్లస్ కదా అని కంగారు పడేవాళ్లు చాలామంది. ఆక్సీకరణం ఎక్కడ జరిగితే అదే ఆనోడ్, గుర్తుతో పని లేదు. రెండు వైపులా 0.1 మోలార్ ఉంటే 1.10 వోల్టులకు దగ్గరగా రావాలి. కొలతలు పలుచని ద్రావణం నుంచి చిక్కనిదానికి వెళ్లాలి. ప్రతి రీడింగుకూ బ్రిడ్జ్ తీసి కొనలు కడగాలి. జింక్ మీద నల్లటి పొర కనిపిస్తే రాగి అయాన్లు అటు చేరాయని అర్థం. మళ్లీ రుద్దుకోవాల్సిందే.

ఇంత చేశాక కూడా వచ్చేది ఆ 17, 18 మిల్లీవోల్టులే.

నెర్న్‌స్ట్ ఈ సమీకరణాన్ని 1889లో ఇచ్చాడు. అయాన్లు ఒకదాన్నొకటి పట్టించుకోవన్నట్టుగా అందులో గాఢతలే పెట్టాడు. కాపర్ సల్ఫేట్‌లో రెండు అయాన్లకూ రెండేసి చార్జీలు, ఆకర్షణ గట్టిది. గాఢత బదులు అమెరికా రసాయన శాస్త్రవేత్త లూయిస్ ప్రతిపాదించిన యాక్టివిటీ, అంటే అయాన్లు నిజంగా చూపించే ప్రభావానికి సరిపడే గాఢత, పెట్టి చూడండి. గాఢతను యాక్టివిటీగా మార్చడానికి గుణించే యాక్టివిటీ గుణకం 0.1 మోలార్ దగ్గర సుమారు 0.16, 0.01 దగ్గర 0.41. అంటే యాక్టివిటీ 0.016 నుంచి 0.0041కి, పదో వంతుకు కాదు, నాలుగో వంతుకే దిగింది. ఆ రెండింటి నిష్పత్తి 3.9, దాని లాగరిథమ్ 0.59, దాన్ని 29.6తో గుణిస్తే 17.5. మీటరు చూపించింది ఇదే. 0.01 నుంచి 0.001కి దిగితే, గుణకం 0.74 అవుతుంది కాబట్టి, తేడా 22 వస్తుంది. పలుచబడేకొద్దీ నెర్న్‌స్ట్ చెప్పిన అంకె దగ్గరపడుతోందన్నమాట. నీటిలో పూర్తిగా అయాన్లుగా విడిపోయే బలమైన విద్యుద్విశ్లేష్యాల ఈ తిక్కకు కలకత్తాలో జ్ఞానచంద్ర ఘోష్ 1918లోనే ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. అయాన్లు ద్రావణంలోనూ స్ఫటికంలోలాగే వరసగా ఉంటాయన్న ఆయన ఊహ నిలవలేదు. 1923లో డిబై, హుకెల్ ప్రతి అయాన్ చుట్టూ వ్యతిరేక చార్జి మేఘాన్ని ఊహించి లెక్క తేల్చారు. ఘోష్ తర్వాత ఖరగ్‌పూర్ ఐఐటీకి తొలి డైరెక్టర్ అయ్యాడు. మన పాఠాల్లో ఆయన పేరు ఒక్క ముక్కైనా ఉండాల్సింది.

29.6 కళ్లారా చూడాలంటే యాక్టివిటీ గుణకం మారకుండా చూడాలి. రాగి అయాన్ల చుట్టూ వేరే లవణం అయాన్లే ఎప్పుడూ ఎక్కువగా ఉంటే రాగి తగ్గినా గుణకం దాదాపు మారదు. దానికి ల్యాబ్ రకం పొటాషియం నైట్రేట్ 50.6 గ్రాములు కరిగించి 500 మిల్లీలీటర్లకు సరిచేస్తాను, 1 మోలార్ అవుతుంది. రాగి వైపు ద్రావణాన్ని ఇందులోనే 0.01 మోలార్‌గా కలపాలి, 100 మిల్లీలీటర్లకు మైలుతుత్తం 0.25 గ్రాములు. అందులోంచి 10 మిల్లీలీటర్లు తీసి, అదే నైట్రేట్ ద్రావణంతో 100కు నింపితే 0.001. అలవాటుగా నీళ్లు పోస్తే నైట్రేట్ కూడా పదో వంతై శ్రమంతా వృథా. జింక్ వైపు ముట్టుకోవద్దు, పాత 0.1 మోలార్ సల్ఫేటే ఉండాలి. ఇప్పుడు తేడా 29.6కు ఒకటి రెండు మిల్లీవోల్టుల్లోపే వస్తుంది. ఆ అంకె 25 డిగ్రీలకు. మన ఎండాకాలం గదిలో 35 డిగ్రీలుంటే 30.6తో పోల్చాలి.

0.0001 మోలార్ దాకా వెళ్లాలని నాకు అనిపించదు. అంత తక్కువ రాగి ఉన్నచోట ద్రావణంలో కరిగిన ఆక్సిజన్‌దే పైచేయి అవుతుంది, రీడింగు ఎటు పడితే అటు జారుతుంది. నైట్రోజన్ పంపే ఏర్పాటు ఉన్న ల్యాబుల్లోనే ఆ పని.