కనజావాలో బంగారం తిన్నాను

నిన్న జపాన్‌లోని కనజావాలో కాళ్లు పీకేదాకా తిరిగాను. హిగాషి చాయా 1820లో గేషాల (ఆటపాటలతో అతిథులను అలరించే కళాకారిణుల) టీ ఇళ్ల కోసం ఏర్పడిన పేట. రెండంతస్తుల చెక్క ఇళ్లకు సన్నటి కర్ర జాలీలు. లోపలివాళ్లకు మనం కనిపిస్తాం, మనకు వాళ్లు కనిపించరు.

జపాన్ బంగారు రేకు దాదాపు అంతా ఈ ఊళ్లోనే తయారవుతుంది. ఐస్‌క్రీమ్ మీదా ఓ రేకు పరిచి ఇస్తారు. రుచి సున్నా, పెదవికి అతుక్కుపోయింది. అమ్మకు ఫొటో పెడితే "తినడమేంట్రా, కొనుక్కురా!" అంది.

కెన్‌రోకుయెన్ తోట నుంచి మాత్రం కదలబుద్ధి కాలేదు. మంచు బరువుకు కొమ్మలు విరగకుండా నవంబరు 1 నుంచి పైన్ చెట్లకు తాళ్లు కడతారు, గొడుగు ఊచల్లా. ఓ పెద్దాయన నిచ్చెన మీద నిలబడి ఒక్కో ముడీ లాగి చూసుకుంటున్నాడు. కింద ఎర్రటి మేపుల్ ఆకులు. మంచు ఇంకా పడనే లేదు.