విశాఖ గట్టు మీద నుంచి డాల్ఫిన్లు, తిమింగలాలు చూసే రోజు: నా అనుభవం

విశాఖ తీరం నుంచి తిమింగలాన్ని చూపిస్తామని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. బృందాన్ని తీసుకుని బయల్దేరే ముందు నేను మొదట చెప్పేది ఇదే. ఇక్కడ ఒడ్డున నిలబడి చూసేవాళ్లకి దొరికేవి ముఖ్యంగా డాల్ఫిన్లు. తిమింగలం కనబడితే అది అదృష్టం. ఆ అదృష్టానికి దారి తెరిచి ఉంచడం మాత్రం మన చేతిలో పని.

దీనికి కారణం సముద్రపు అడుగులోనే ఉంది. శ్రీలంకలోని తిరుకోణమలై (ట్రింకోమలీ)లో లోతైన సముద్రపు లోయ ఒకటి రేవు దగ్గరి దాకా వచ్చేస్తుంది. అందుకే అక్కడ కోణేశ్వరం గుడి ఉన్న కొండ మీద నుంచి కూడా ఒక్కోసారి నీలి తిమింగలాల ఊపిరి, అంటే అవి పైకి చిమ్మే ఆవిరి, కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలోని హెర్మానస్ సంగతి వేరు. అక్కడికి జూన్ నుంచి నవంబరు దాకా సదరన్ రైట్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి ఒడ్డు పక్కకే వస్తాయి. మన దగ్గర నేల సముద్రంలోకి మెల్లగా దిగుతుంది. బంగాళాఖాతంలో తిరిగే నీలి తిమింగలం, స్పెర్మ్ తిమింగలం లోతు నీళ్లవి, వాటికి ఒడ్డుకి రావలసిన పని లేదు. బ్రైడ్స్ తిమింగలం ఒక్కటే చేపల గుంపుల వెంట కాస్త ఇటు వచ్చే రకం.

ఏ నెల, ఏ రోజు

డిసెంబరు నుంచి మార్చి మధ్య దాకా వెళ్లొచ్చు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కెరటాలు పెద్దవి, వాటి మధ్య డాల్ఫిన్ వీపు మీది రెక్క కనబడదు. నన్నడిగితే ఫిబ్రవరి రెండో సగం, మార్చి మొదటి సగం అన్నిటికన్నా మేలు. అందుకు రెండు కారణాలు.

మొదటిది చేపలు. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ఈ రోజుల్లో మొదలయ్యే నైరుతి గాలి తీరం వెంబడి వీచినప్పుడు, భూభ్రమణం వల్ల పైనీళ్లు గాలికి కుడి పక్కకి, అంటే సముద్రంలోకి తోసుకుపోతాయి. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి, సారమున్న నీళ్లు పైకొస్తాయి. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన యూజీన్ లాఫాండ్ ఈ విషయాన్ని పరిశీలించి రాశారు. సారమున్న చోట నెత్తళ్లు, కవ్వళ్లు చేరతాయి, వాటి వెనకే డాల్ఫిన్లు వస్తాయి.

రెండోది ఎండ. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. మన తీరం ముఖం ఆగ్నేయానికి. డిసెంబరులో సూర్యుడు కూడా ఆగ్నేయం వైపు జరిగి ఉదయిస్తాడు. దాంతో పొద్దెక్కే కొద్దీ నీటి మీద మిరుమిట్ల పట్టీ సరిగ్గా మన ఎదురుగా పరుచుకుంటుంది, ఆ పట్టీలో ఏనుగు ఈదినా కనబడదు. మార్చిలో సూర్యుడు నేరుగా తూర్పున, అంటే సముద్రానికి ఎదురుగా నిలబడ్డ మనకి ఎడమ పక్కన ఉదయిస్తాడు. కుడి సగం చాలాసేపు శుభ్రంగా ఉంటుంది.

నెల కుదిరాక రోజు చూసుకోవాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ రోజూ ఇచ్చే సముద్ర స్థితి సూచనలో అల ఎత్తు, గాలి వేగం ఉంటాయి. నేను పెట్టుకున్న హద్దు: అల 1 మీటరు లోపు, గాలి గంటకి 11 కిలోమీటర్ల లోపు. గాలి బలాన్ని చెప్పే బోఫోర్ట్ కొలతలో అది 2. అంటే చిన్న అలలుంటాయి గానీ వాటి తలలు విరగవు. 3కి వచ్చేసరికి అక్కడక్కడ తెల్లనురుగు మొదలవుతుంది. ఇక ప్రతి నురుగూ డాల్ఫిన్‌లాగే అనిపిస్తుంది, కళ్లు అలిసిపోతాయి. సూచనలో గాలి ఎక్కువుంటే ప్రయాణం వాయిదా వేస్తాను. వచ్చేవాళ్లు నొచ్చుకున్నా సరే. పల్చటి మబ్బు కమ్మిన రోజు దొరికితే వదులుకోకండి, మిరుమిట్లే ఉండవు.

ఎక్కడ నిలబడాలి

ఎత్తు పెరిగేకొద్దీ దిగంతం దూరమవుతుంది. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. ఇసుకలో నిలబడితే 5 కిలోమీటర్లు. 10 మీటర్ల గట్టు మీద 11. తొట్లకొండ సుమారు 128 మీటర్లు కాబట్టి అక్కడి నుంచి 40.

అయితే అంత ఎత్తుకి ఎక్కడం ఎప్పుడూ లాభం కాదు. డాల్ఫిన్ రెక్క 8 రెట్ల బైనాక్యులర్‌తో కిలోమీటరు, కిలోమీటరున్నర దాకానే తెలుస్తుంది. కొండ ఒడ్డుకి వెనక్కి ఉంటే ఆ దూరంలో సగం నేల మీదే ఖర్చయిపోతుంది. అందుకే పొద్దున్న డాల్ఫిన్ల కోసం తెన్నేటి పార్కు దగ్గరి గట్టు, లేదా మంగమారిపేట దగ్గర రాతి తోరణం ఉన్న చోట పైగట్టు ఎంచుకుంటాను. దూరాన తిమింగలం ఊపిరి వెతకాలంటే తొట్లకొండ, కైలాసగిరి. వీటి గేట్లు తెరిచే వేళ ముందు రోజే కనుక్కోవాలి. చీకట్లో వెళ్లి గేటు బయట నిలబడితే అసలైన గంట పోతుంది.

డాల్ఫిన్ నోస్ పేరు చూసి అక్కడికే తీసుకెళ్లమని అడుగుతారు. ఆ పేరు కొండ ఆకారాన్ని బట్టి వచ్చింది, కింద డాల్ఫిన్లు ఎక్కువని కాదు. పైగా అది నౌకాదళం కాపలా ఉన్న చోటు. ఆ వైపు గానీ, యుద్ధనౌకల వైపు గానీ టెలిస్కోప్, పెద్ద లెన్సు తిప్పకూడదు. డ్రోన్ ఊసే వద్దు. ఈ సంగతి బండి ఎక్కేముందే అందరికీ చెప్పేస్తాను.

సామాను

మనిషికో బైనాక్యులర్ ఉంటే మంచిది, ఇద్దరికి ఒకటైనా తప్పదు. 8x42 గానీ 7x50 గానీ తెండి (ముందు అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో చెబుతుంది, వెనకది ముందు లెన్సు వెడల్పు మిల్లీమీటర్లలో). 10 రెట్లు దాటితే చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. ఎక్కువ పెద్దది చూపేది మంచిదనుకుని 20 రెట్లది కొనేవాళ్లు స్టాండు లేకుండా దాన్ని వాడలేరు. బృందం మొత్తానికి స్టాండు మీద ఒక స్పాటింగ్ స్కోప్ (చిన్న టెలిస్కోప్) చాలు. అది వెతకడానికి కాదు, దొరికినదాన్ని పోల్చుకోవడానికి.

బైనాక్యులర్‌ని కంటికి సరిచేసుకోవడం పది మందిలో ఇద్దరికి కూడా తెలియదు. ముందు రెండు గొట్టాలనూ మడిచి రెండు వలయాలూ ఒక్కటయ్యేలా చేయండి. కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పుతూ దూరపు ఓడ మీద ఎడమ కంటికి స్పష్టత తెచ్చుకోండి. తర్వాత ఎడమ కన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా కుడి గొట్టం మీది చిన్న రింగు తిప్పి అదే ఓడని చూడండి. ఆ రింగు మళ్లీ కదపక్కర్లేదు. అద్దాలు పెట్టుకునేవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పుని కిందికి దించుకోవాలి.

ఏసీ కారులోంచి దిగి బైనాక్యులర్ తీయగానే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. విశాఖ గాలిలో తేమకి అది పోవడానికి 10, 15 నిమిషాలు పడుతుంది. దారిలోనే ఏసీ కట్టేయించండి. లెన్సు మీద ఉప్పుతుంపర పడితే గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. ముందు మంచినీళ్ల చుక్కలతో కడిగి, ఆ తర్వాత అద్దండి.

మిగతావి: మనిషికి 2 లీటర్ల నీళ్లు, అంచున్న టోపీ, పొడుగు చేతుల చొక్కా, మిరుమిట్లు తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు, కూర్చోవడానికి చాప, దిక్సూచి, పుస్తకం, పెన్సిలు.

చూసే పద్ధతి

తెల్లవారకముందే, 5:30 కల్లా గట్టు మీద ఉండాలి. ఫిబ్రవరి చివర పొద్దు పొడిచేది 6:15 ప్రాంతంలో. వెలుగు వచ్చి ఎండ రాని ఆ ముప్పావు గంటలో నీళ్లు నున్నగా ఉంటాయి, మిరుమిట్లు ఉండవు. రోజంతటిలో ఇంత మంచి సమయం మళ్లీ రాదు. 9 దాటితే సముద్రపు గాలి మొదలై నురుగు లేస్తుంది.

ఎదురుగా ఉన్న సముద్రాన్ని మూడు భాగాలు చేసి భాగానికి ఒకరు చొప్పున చూస్తారు, ఇంకొకరు రాస్తారు. 20 నిమిషాలకోసారి చోట్లు మార్చుకోవాలి. అంతకు మించి ఒకే నీళ్లని చూస్తే కళ్లు తెరిచే ఉంటాయి గానీ మనసు చూడదు. ముందు మామూలు కంటితో మొత్తం ఒకసారి, తర్వాత బైనాక్యులర్‌తో దగ్గర పట్టీ, మధ్య పట్టీ, దిగంతం పట్టీ వరుసగా, నెమ్మదిగా. కొత్తవాళ్లు దిగంతాన్నే పట్టుకుని వేలాడతారు. డాల్ఫిన్లు మాత్రం చాలాసార్లు కెరటాలు విరిగే చోటికి కాస్త అవతలే తిరుగుతుంటాయి.

పక్షులను చూడండి. టెర్న్‌లు, గోధుమతల గల్‌లు ఒకే చోట గుమిగూడి మునకలేస్తున్నాయంటే కింద చేపలున్నట్టే. ఆ చోటుని పది నిమిషాలు వదలకండి.

కనబడగానే “అదిగో, అదిగో” అంటే ఎవరికీ ఉపయోగం లేదు. లంగరేసిన ఓడ ఏదో ఒకటి ముందే గురుతు పెట్టుకుంటాం. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు, ఒక వేలు సుమారు 2. “ఎర్ర ఓడకి కుడి పక్క ఒక పిడికిలి, దిగంతం కింద రెండు వేళ్లు” అంటే అందరి చూపూ అక్కడికే చేరుతుంది.

ఏది ఏమిటో తేల్చుకోవడం

ఒక్కసారి కనిపించినదాన్ని లెక్కలో వేయను. అల తల అక్కడే పుట్టి అక్కడే చస్తుంది. డాల్ఫిన్ ఒక గీత వెంబడి ముందుకెళ్లి మళ్లీ లేస్తుంది. మునిగాక నిమిషం లోపే తేలొచ్చు, ఒక్కోసారి నాలుగైదు నిమిషాలు పట్టొచ్చు. అందుకే కనీసం 5 నిమిషాలు అదే దిక్కులో ఆగాలి.

ఈ తీరంలో ఒడ్డుకి దగ్గరగా ఉండేది మూపురం డాల్ఫిన్. పైకి లేచేటప్పుడు ముందు పొడవాటి మూతి ఏటవాలుగా బయటికొస్తుంది, తర్వాత వంగిన వీపు, దాని మీద మూపురం, మూపురం మీద చిన్న రెక్క. బాటిల్‌నోస్‌కి మూపురం ఉండదు, రెక్క కొడవలిలా వెనక్కి వంగి ఉంటుంది. గాలిలోకి ఎగిరి బొంగరంలా తిరిగితే అది స్పిన్నర్, సాధారణంగా లోతు నీళ్లది. ఫిన్‌లెస్ పార్పాయిస్‌కి (డాల్ఫిన్ లాంటి చిన్న జీవి) పేరులో ఉన్నట్టే రెక్క లేదు, నల్లటి వీపు ఒక్క క్షణం కనబడి పోతుంది. నీళ్లు అద్దంలా లేని రోజు దాన్ని ఒడ్డు నుంచి పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

తిమింగలానికి గుర్తు వీపు కాదు, ఊపిరి. దిగంతం ముందు పొగలా లేచి గాలికి చెదిరిపోతుంది. స్పెర్మ్ తిమింగలం ఊపిరి నిటారుగా కాక ముందుకి, ఎడమకి వాలి వస్తుంది. బ్రైడ్స్ తిమింగలం వరసగా కొన్నిసార్లు ఊపిరి తీసి, తోక పైకెత్తకుండానే మునుగుతుంది. కాబట్టి 15 నిమిషాలైనా ఆ దిక్కు వదలకూడదు.

పొరబడేవి: ఒంటరి తెప్ప, వలకి కట్టిన థర్మోకోల్ తేలుడు, కొట్టుకొచ్చిన తాటిమొద్దు, ఊపిరికి తల పైకెత్తిన ఆలివ్ రిడ్లే తాబేలు. మొద్దు కెరటంతో పాటు లేచి దిగుతుంది, బతికున్నది కెరటంతో నిమిత్తం లేకుండా కదులుతుంది. తిమింగల సొర కూడా చాలామందిని తికమక పెడుతుంది. 2021 డిసెంబరులో తంతడి తీరానికి కొట్టుకొచ్చిన దాన్ని అటవీశాఖ, మత్స్యకారులు కలిసి మళ్లీ సముద్రంలోకి పంపారు. అది చేప. దాని తోక నిలువుగా ఉండి పక్కలకి ఊగుతుంది. తిమింగలం, డాల్ఫిన్ తోకలు అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఊగుతాయి.

మధ్యాహ్నం, సాయంత్రం

9 గంటలకి గట్టు మీద నుంచి లేచి టిఫిన్ చేసి భీమిలి వెళ్తాం. ఎండలో గట్టు మీద కూర్చుంటే వడదెబ్బ తప్ప ఏమీ దక్కదు. పడవలు వచ్చే వేళకి ఒడ్డున ఉంటే మత్స్యకారులను అడగొచ్చు. “డాల్ఫిన్లు చూశారా?” అని అడిగితే “ఉంటాయి బాబూ” అంటారు, అంతే. “ఎన్ని బారల నీళ్లలో, ఏ వైపుకి పోతున్నాయి, మీ వలలో ఏం పడ్డాయి?” అని అడగండి. బార సుమారు 1.8 మీటర్లు. 10 బారల లోపు అన్నారంటే గట్టు మీద నుంచి దొరికే అవకాశం ఉంది. 30 బారలు అన్నారంటే ఆశ వదులుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకి వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో ఈ సమాచారం సగానికి పడిపోతుంది.

3:30కి మళ్లీ కొండ. ఇప్పుడు సూర్యుడు వీపు వెనక, సముద్రమంతా ఒకే రంగులో స్పష్టంగా ఉంటుంది. వెలుగు పొద్దుటికన్నా మేలు, గాలే అడ్డు. అందుకే సాయంత్రం డాల్ఫిన్ రెక్కల కోసం కాక ఊపిరి కోసం దూరం చూస్తాం. నురుగు మరీ ఎక్కువైతే 4:30కే ఆపేస్తాను.

రాసుకోవడం

మొదలెట్టిన సమయం, ఆపిన సమయం, గాలి, నురుగు, మిరుమిట్లు ఏ దిక్కున ఉన్నాయో ప్రతి అరగంటకీ రాస్తాం. కనబడితే దిక్సూచి డిగ్రీలు, ఎటు పోతున్నాయి, ఎన్ని. సంఖ్య మూడు రకాలుగా: తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ, మన అంచనా. ఏమీ కనబడని గంటలు కూడా రాయాలి. అవి లేకపోతే కనబడిన గంటలకి విలువ కట్టలేం. ఫొటోకి ముఖం అక్కర్లేదు, రెక్క పక్క నుంచి స్పష్టంగా రావాలి. రెక్క అంచు మీది గంట్లు, మచ్చలను బట్టే ఒక్కో జీవిని గుర్తుపడతారు. ఈ వివరాలను మెరైన్ మామల్ రీసెర్చ్ అండ్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా వాళ్ల వెబ్‌సైటుకి పంపొచ్చు, మామూలు జనం చూసినవి కూడా తీసుకుంటారు.

ఒడ్డున ప్రాణంతో ఉన్న డాల్ఫిన్ కనబడితే తోక పట్టి లాగకండి, కీళ్లు విరుగుతాయి. తల మీది ఊపిరి రంధ్రంలోకి నీళ్లు, ఇసుక పోనివ్వకండి. తడిగుడ్డ కప్పి, ఆ రంధ్రం తెరిచి ఉంచి, జనాన్ని దూరం జరిపి అటవీశాఖకి కబురు చేయండి. చనిపోయినదైనా సరే ముట్టుకోకుండా, పక్కన ఏదైనా కొలత వస్తువు పెట్టి ఫొటో తీసి కబురు చేయాలి. తిమింగలాలు, డాల్ఫిన్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి పన్ను, ఎముక లాంటిదేదీ ఇంటికి తెచ్చుకోకూడదు.